పాపంలో పాలు

చిన్నప్పుడు మా ఊరి కాలవలో ఈతకి దిగేముందు మా మామ్మ ప్రతిసారీ ఒకే మాట చెప్పేది. “నీళ్ళలో ఒంటికి పోసుకోకండర్రా, కళ్ళు పోతాయి.”

కళ్ళు పోతాయన్నది పిల్లల్ని భయపెట్టడానికి. ఒకసారి మా అన్నయ్య, “ఎందుకు పోతాయే మామ్మా?” అని పట్టుబట్టి అడిగితే అసలు సంగతి చెప్పింది. “కింద ఊరివాళ్ళు ఈ నీళ్ళే తాగుతార్రా. పై ఊరివాళ్ళు పోసిన నీళ్ళు నీ చేత తాగిస్తే నువ్వు ఊరుకుంటావా?”

అంతే. మామ్మకి చదువు రాదు. ఎవరికి ఎంత హాని జరుగుతుందో కొలిచి చెప్పే సాధనమూ లేదు. కాలవకి ఒక పై ఊరు, ఒక కింద ఊరు ఉంటాయని, మనం ఎప్పుడూ రెండింటికీ మధ్యలో ఉంటామని మాత్రం తెలుసు. గోదావరి కాలవల మీద బతికినవాళ్ళకి ఆ మాత్రం ధర్మశాస్త్రం నీళ్ళే నేర్పుతాయి.

ఇప్పుడు నాకు ఏభై ఆరేళ్ళు. వర్జీనియాలో ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్నాను. ఈ ముప్ఫై ఏళ్ళలో మామ్మ మాటని రోజుకి ఐదారుసార్లు జవదాటుతూనే ఉన్నానని ఈ మధ్యనే తట్టింది. తలుపు వేసుకుని, మీట నొక్కి, చేతులు కడుక్కుని బయటికి వస్తాను కాబట్టి నీళ్ళలో పోస్తున్నానని ఎప్పుడూ అనిపించలేదు. ఆ నీళ్ళు ఎక్కడికో పోతాయి. ఆ “ఎక్కడికో” గురించే ఈ వ్యాసం.

నాకు నలభై ఎనిమిదో ఏట గర్భసంచి తీసేశారు. ఆ తరవాత రెండేళ్ళు నరకం. అర్ధరాత్రి ఒళ్ళంతా ఆవిర్లు పుట్టి, జాకెట్టు తడిసి, డిసెంబరు చలిలో కిటికీ తెరుచుకుని నిలబడేదాన్ని. మావారు దుప్పటి కప్పుకుని వణుకుతూ, “పోనీ ఇంకో డాక్టరుకి చూపించుకో,” అనేవారు. చివరికి డాక్టరు చాలా ఆలోచించి ఎస్ట్రడియోల్ మాత్ర రాసింది. రోజుకి ఒక మిల్లీగ్రాము. 2002లో అమెరికాలో ఆడవాళ్ళ మీద జరుగుతున్న ఒక పెద్ద హార్మోను అధ్యయనంలో ఒక భాగాన్ని, మేలుకన్నా కీడు ఎక్కువగా కనబడుతోందని మధ్యలోనే ఆపేశారు. అప్పటినుంచి డాక్టర్లు ఈ మందు తూచి తూచి రాస్తారు. మూడు వారాల్లో నాకు నిద్ర తిరిగి వచ్చింది. మనిషిని మళ్ళీ మనిషిని చేసిన మాత్ర అది. దాన్ని తిట్టే ఉద్దేశం నాకు లేదని ముందే చెబుతున్నాను.

రెండేళ్ళ క్రితం మా కౌంటీ మురుగునీటి శుద్ధి కేంద్రంవాళ్ళు జనాన్ని పిలిచి లోపలంతా తిప్పి చూపించారు. ఊసుపోక వెళ్ళాను. ముక్కు మూసుకోవలసి వస్తుందనుకున్నాను కానీ అంత వాసనేమీ లేదు. పెద్ద పెద్ద తొట్లలో కాఫీరంగు నీళ్ళు బుడబుడమని నురగలు కక్కుతున్నాయి. మాకు చూపిస్తున్న ఆయన ఆ నురగని చూపించి, “ఇక్కడ పనిచేసేది మేం కాదండీ, ఇందులో ఉన్న బాక్టీరియా. మేం వాటికి గాలి అందిస్తాం, అంతే,” అన్నాడు.

ఆ పద్ధతి పాతదే. 1914లో ఇంగ్లండులో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు కనిపెట్టారు. మురుగునీటిలోకి గాలి ఊదితే అందులోని సూక్ష్మజీవులు మాలిన్యాన్ని తిని పెరుగుతాయి, గుంపులు గుంపులుగా అడుక్కి చేరతాయి. పై నీరు తేటపడుతుంది. అడుగున చేరిన బురదలో కొంత మళ్ళీ తొట్లోకి తోడుపెడతారు. అక్షరాలా పెరుగు తోడుపెట్టినట్టే. ప్రపంచంలో పెద్ద ఊళ్ళు చాలావాటి మురికిని నేటికీ మోస్తున్నది ఆ కంటికి కనబడని జీవులే.

“మేం మింగే మందుల సంగతేమిటి? అవీ తినేస్తాయా?” అని అడిగాను.

ఆయన కాస్త ఆగి, “కొన్నిటిని తింటాయి. కొన్నిటిని తినవు. అసలు ఈ కేంద్రాన్ని మందుల కోసం కట్టలేదు,” అన్నాడు.

ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. అలా తెలిసినవాటిలో ఒక సంగతి నన్ను చాలా రోజులు వదలలేదు.

మన ఒంట్లో పని అయిపోయిన ఈస్ట్రోజెన్‌ని కాలేయం ఊరికే బయటికి నెట్టదు. దానికి చక్కెర నుంచి పుట్టిన ఒక ఆమ్లాన్నో, గంధకపు ముక్కనో తగిలిస్తుంది. అది తగిలితే హార్మోను నీళ్ళలో బాగా కరుగుతుంది, దాని ప్రభావమూ పోతుంది. కత్తిని ఒరలో పెట్టి పంపినట్టు. ఒళ్ళు తన మర్యాద తాను పాటిస్తోందన్నమాట. మామ్మ చెప్పినట్టే.

కానీ ఆ ఒరలో ఉన్న చక్కెరముక్క బాక్టీరియాకి తిండి. మన పేగుల్లోనే కాపురం ఉండే ఈ.కోలై దగ్గర ఆ ముక్కని కత్తిరించే ఎంజైము ఉంది. మురుగుగొట్టంలో పోతూ పోతూనే అది ఒరని తినేస్తుంది, కత్తి మళ్ళీ బయటపడుతుంది. ఇంట్లోంచి చప్పబడి వెళ్ళిన హార్మోను శుద్ధి కేంద్రం చేరేసరికి మళ్ళీ హార్మోనే.

ఇందులో తప్పు ఎవరిది? కాలేయం చెయ్యవలసింది చేసింది. బాక్టీరియా ఆకలేసి తిన్నది. మాత్ర రాసిన డాక్టరు జాలిపడి రాసింది. మింగిన నేను నిద్రలేక మింగాను. ఎవర్ని నిలబెట్టి అడిగినా సరైన సమాధానమే చెబుతారు. అయినా గొట్టం చివర కత్తి ఉంది.

బాక్టీరియా కత్తిని బయటపెట్టి ఊరుకుంటుందనుకుంటే దానికి అన్యాయం చేసినట్టవుతుంది. ఈ హార్మోనులని ఆహారంగా తినే జాతులు కూడా ఉన్నాయి. టెస్టోస్టెరోన్ తిని బతికే ఒక బాక్టీరియాని శాస్త్రజ్ఞులు 1950లలోనే మట్టిలోంచి వేరుచేశారు. ఆ తిండిని బట్టే దానికి ‘టెస్టోస్టెరోనై’ అని పేరు పెట్టారు. తొట్లో గాలి బాగా ఆడి, బురద ఎక్కువ రోజులు నిలవుంటే, మెల్లగా పెరిగే జాతులకి కూడా పుంజుకునే వ్యవధి దొరుకుతుంది. అప్పుడు సహజమైన ఈస్ట్రోజెన్‌లో చాలా భాగం అక్కడే విరిగిపోతుంది. గాలి ఆడని చోట అంతగా విరగదు. అంటే మురుగునీటికి ఇచ్చే వ్యవధి, గాలి, స్థలం, వీటన్నిటికీ పెట్టే డబ్బు, ఇవే ఏటిలోకి ఎంత పోతుందో నిర్ణయిస్తాయి.

ఇందులో మొండిది ఇంకొకటుంది. గర్భనిరోధక మాత్రల్లో వాడే ఎథినైల్ ఎస్ట్రడియోల్. 1938లో జర్మనీలో తయారుచేశారు. అంతకుముందు సహజ ఎస్ట్రడియోల్‌ని నోటితో మింగితే కాలేయం చాలామటుకు విరిచేసేది. దానికి ఎథినైల్ అనే చిన్న తోక తగిలించేసరికి కాలేయం అంత తేలిగ్గా విరవలేకపోయింది. ఆ తోక వల్లనే 20, 30 మైక్రోగ్రాముల మాత్ర పనిచేస్తుంది. కోట్లమంది ఆడవాళ్ళు ఎప్పుడు తల్లులు కావాలో తామే నిర్ణయించుకోగలిగారు. కాలేయానికి లొంగనిది బాక్టీరియాకి కూడా అంత తేలిగ్గా లొంగదు. ఆ మందుకి గుణం ఏదో దోషమూ అదే.

మా ఇంటి పక్కన పారే నది పొటోమాక్. 2003లో, దీనికి ఎగువన వెస్ట్ వర్జీనియాలో, చేపలు పుళ్ళుపడి చచ్చిపోతుంటే కారణమేమిటో చూద్దామని వెళ్ళినవాళ్ళకి ఇంకో విడ్డూరం కనిపించింది. స్మాల్‌మౌత్ బాస్ అనే చేపల్లో మగవాటి వృషణాల్లో గుడ్లు తయారవుతున్నాయి. తరవాత వాషింగ్టన్ దగ్గర నీళ్ళలో కూడా అలాంటివి దొరికాయి. ఇంగ్లండు నదుల్లో 1990లలోనే, శుద్ధి కేంద్రాల దిగువన పట్టిన రోచ్ అనే చేపల్లో ఇలాంటి మార్పులు చూశారు.

కెనడాలో ఒక సరస్సుని పరిశోధనకే కేటాయించారు. 2001 నుంచి 2003 దాకా మూడు వేసవులు అందులో ఎథినైల్ ఎస్ట్రడియోల్ కలిపారు. లీటరుకి ఐదారు నానోగ్రాములు. అంటే ఒక గ్రాము మందుని సుమారు 20 కోట్ల లీటర్ల నీళ్ళలో కలిపినంత పలచన. ఆ సరస్సులో ఫాట్‌హెడ్ మిన్నో అనే బుల్లి చేపలు దాదాపు అంతరించేదాకా వచ్చాయి. వాటిని తిని బతికే పెద్ద చేపలూ పలచబడ్డాయి. మందు కలపడం ఆపేశాక కొన్నేళ్ళకి బుల్లి చేపలు మళ్ళీ పుంజుకున్నాయి. ఈ కథలో నాకు ఊరటనిచ్చిన ముక్క అదొక్కటే.

ఇదంతా చదివి, ఒక ఆదివారం మా అమ్మాయి భోజనానికి వస్తే ఆత్రంగా చెప్పాను. దానికి పదహారో ఏటినుంచి నెలసరి నొప్పులు. బడి మానేసి, కాళ్ళు ముడుచుకుని పడుకునేది. డాక్టరు ఆ మాత్రలే రాసింది. మొదట్లో నాకు గుండె గుభేలుమంది, పెళ్ళికాని పిల్లకి ఆ మాత్రలేమిటని. ఆ గొడవ ఎప్పుడో తీరిపోయింది. ఇప్పుడు మళ్ళీ నా నోటివెంట, “మన మాత్రలేనే ఆ చేపలని అలా చేస్తున్నాయి,” అని వచ్చేసింది.

అది చెంచా కింద పెట్టింది. “అమ్మా, ఈ ఏటి పొడుగునా కోళ్ళఫారాలున్నాయి, ఆవులున్నాయి. ఇక్కడ గొడ్లు బలిసేందుకు చెవికింద హార్మోను గుళికలు పెడతారు, తెలుసా? పొలాల్లో కొట్టే మందులున్నాయి. ఊళ్ళో ఉన్న ప్రతి మగాడి ఒంట్లోంచీ ఎంతో కొంత ఈస్ట్రోజెన్ పోతూనే ఉంటుంది. అవన్నీ వదిలేసి నీకు నా మాత్రే కనిపించిందా? ఏం తప్పు జరిగినా ముందు ఆడదాని మాత్రే గుర్తొస్తుందా ఎవరికైనా?”

నాకు నోట మాట రాలేదు. వెళ్ళి మళ్ళీ చదివాను. అది చెప్పిందే నిజం. అమెరికాలో గొడ్లకి ఆరు రకాల హార్మోనులు వాడనిస్తారు. యూరపు దేశాలు 1980లలోనే వాటిని నిషేధించాయి. 2011లో ప్రచురించిన ఒక సమీక్షలో శాన్ ఫ్రాన్సిస్కో పరిశోధకులు, తాగునీటిలో కనబడే ఈస్ట్రోజెన్ ప్రభావంలో గర్భనిరోధక మాత్రల వాటా చాలా తక్కువని తేల్చారు. పొటోమాక్ చేపల విషయంలో కూడా శాస్త్రజ్ఞులు ఏ ఒక్క కారణం మీదా వేలు పెట్టలేదు. పేడ, పురుగుమందులు, మురుగునీరు, అన్నీ కలిసే ఉన్నాయి.

ఇక్కడితో ఊపిరి పీల్చుకుని పుస్తకం మూసెయ్యొచ్చు. “నా వాటా తక్కువ” అన్నది చాలా సుఖమైన మాట. ఆ సుఖమే నన్ను ఇబ్బంది పెట్టింది.

రాజుగారి పాలగుండం కథ మనందరికీ తెలుసు. రాత్రి ఇంటికో చెంబుడు పాలు తెచ్చి గుండంలో పొయ్యమని రాజు ఆజ్ఞ. అందరూ పాలే పోస్తారు, నేనొక్కణ్ణి నీళ్ళు పోస్తే ఎవరికి తెలుస్తుందని ప్రతివాడూ అనుకున్నాడు. తెల్లారేసరికి గుండం నిండా నీళ్ళే. ఆ కథలో మోసం ఉంది కాబట్టి తీర్పు తేలిక. మన కథలో మోసం లేదు. మనం పోసేది చెంబుడు కూడా కాదు.

ఆక్స్‌ఫర్డ్ తత్త్వవేత్త డెరెక్ పార్ఫిట్ 1984లో వచ్చిన తన ‘రీజన్స్ అండ్ పర్సన్స్’లో ఒక ఊహ చేస్తాడు. వెయ్యిమంది ఖైదీలకి తీగలు తగిలించారు. వెయ్యిమంది భటులు తలో మీటా నొక్కుతారు. ఒక్కో మీట ఒక్కో ఖైదీ బాధని ఆనవాలు దొరకనంత కొంచెం పెంచుతుంది. ఏ భటుణ్ణి అడిగినా, “నా మీట వల్ల ఎవరికీ ఏమీ తేడా తెలియలేదు,” అంటాడు. నిజమే చెబుతాడు. కానీ అందరూ నొక్కేసరికి వెయ్యిమంది గిలగిల్లాడుతున్నారు. ఒక్కడి పని ఎంత హాని చేసిందని మాత్రమే చూడటం సరికాదు, అందరం కలిసి ఏం చేస్తున్నామన్నది కూడా చూడాలన్నది పార్ఫిట్ వాదన సారాంశం.

నాకు ఆ వాదన నచ్చింది కానీ పూర్తిగా అతకలేదు. పార్ఫిట్ భటులు చేసే పని చెడ్డపని. మీట నొక్కడం మానేస్తే ఎవరికీ నష్టం లేదు. నేను మాత్ర మానేస్తే నా నిద్ర పోతుంది. మా అమ్మాయి మానేస్తే నెలకి నాలుగురోజులు మంచం మీద ఉంటుంది. కాబట్టి “మానెయ్” అన్నది దీనికి జవాబు కాదు. చెడ్డపనిలో వాటా ఉన్నవాడికి ఏం చెప్పాలో మన శాస్త్రాలకి తెలుసు. మంచిపని వల్ల పుట్టిన చెడులో వాటా ఉన్నవాడికి ఏం చెప్పాలన్నదే చిక్కు.

ఇంకో ప్రశ్న కూడా వేసుకున్నాను. చేప అంటే కళ్ళకి కనబడుతుంది, జాలేస్తుంది. బాక్టీరియాకి ఏమైతే మనకేమిటి?

బాక్టీరియాకి మనలాగా హార్మోను వినే చెవి లేదు. గర్భసంచీ లేదు, వృషణాలూ లేవు. అయినా వాటికి ఈ భాష బొత్తిగా తెలియదనుకోవడానికి వీల్లేదు. గర్భిణీలకి చిగుళ్ళనుంచి రక్తం కారడం మన అమ్మమ్మలకీ తెలుసు. చిగుళ్ళ సందుల్లో ఉండే ఒక జాతి బాక్టీరియా విటమిను కె బదులుగా ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరోన్‌లని వాడుకుని పెరుగుతుందని 1980ల మొదట్లో ప్రయోగాల్లో తేలింది. వేరుశనగ మొక్క పీకితే వేళ్ళకి బుడిపెలు కనిపిస్తాయి. వాటిలో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకి అందించేది బాక్టీరియాయే. ఆ చుట్టరికం కలవాలంటే ముందు వేరు ఒక రసాయనంతో పిలవాలి, మట్టిలోని బాక్టీరియా విని రావాలి. ఆ జాతికే చెందిన అల్ఫాల్ఫా గడ్డి విషయంలో, ఈస్ట్రోజెన్‌లా నటించే కొన్ని రసాయనాలు ఆ పిలుపుకి అడ్డుపడతాయని 2001లో ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న వ్యాసం వచ్చింది. చేప ఒంట్లో, మొక్క వేరులో, మట్టిలో, అన్నిచోట్లా కబుర్లు రసాయనాలతోనే నడుస్తున్నాయి. మధ్యలో మనం మన కేకలు వేస్తున్నాం.

బాక్టీరియా మీద నాకు ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. మనం పోసినది శుభ్రం చేసేది అవేనని తెలిశాక, వాటికి ఏమీ కాదులే అనుకోవడం తెలివితక్కువని మాత్రం అర్థమైంది. హార్మోను వాటిని చంపదు. వాటిని చంపడానికే మనం తయారుచేసినది ఇంకొకటి ఉంది. ఆ కథ ఇంకో నది ఒడ్డున, మనవాళ్ళ ఊళ్ళోనే జరిగింది.

హైదరాబాదు పక్క పటాన్‌చెరు. 2007లో స్వీడన్ నుంచి వచ్చిన లార్సన్ బృందం అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలం అక్కడికి చేరేది. బయటికి వదిలే నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. ఇందాకటి కెనడా సరస్సులో కలిపిన హార్మోనుతో పోలిస్తే అంకెల్లో 60 లక్షల రెట్లు. మందులు వేరు, పని వేరు, నిజమే. నానోగ్రాములకి దిగులుపడుతున్న నాకు ఆ అంకె చూసి చెమటలు పోశాయి.

అంత మందులో ఈదుతూ బతకాలంటే బాక్టీరియా ఏం చెయ్యాలి? లొంగేవి చస్తాయి, లొంగనివి మిగులుతాయి. మిగిలినవి ఆ విద్యని దాచుకోవు. చిన్న డి.ఎన్.ఎ. చుట్టలు పక్కవాటికి అందిస్తాయి, వేరే జాతివాటికి కూడా. ఆ దిగువన వాగు బురదలో అలాంటి నిరోధక జన్యువులు విపరీతంగా ఉన్నాయని 2011లో అదే దేశపువాళ్ళు చూపించారు. ఆ వాగు నక్కవాగులో, నక్కవాగు మంజీరలో కలుస్తాయి. బాక్టీరియాకి కింద ఊరంటూ ఒకటే లేదు. మనిషి పేగులో కూర్చుని అది విమానం కూడా ఎక్కగలదు.

మా అన్నయ్య కొడుకు ఆ చుట్టుపక్కల ఒక మందుల ఫ్యాక్టరీలో కెమిస్టు. ఆ ఫ్యాక్టరీ పేరు ఇక్కడ అనవసరం. ఫోనులో అడిగాను, “ఏరా, ఇంత ఘోరమా?” అని.

“అత్తా, ఇప్పుడు అప్పటంత లేదు, చాలా మారింది,” అన్నాడు ముందు. తరవాత కాసేపు ఆగి, “నీకు పోయిన ఏడు మూత్రంలో మంట వచ్చిందన్నావు, ఏం మందు వాడావు?” అన్నాడు.

“సిప్రో.”

“ఎంతయింది?”

“నాలుగు డాలర్లు.”

“ఇక్కడ నీళ్ళని పూర్తిగా శుభ్రం చేసి వదిలితే నాలుగు డాలర్లకి వస్తుందా అత్తా?”

సీసా తీసి చూశాను. న్యూజెర్సీ కంపెనీ పేరు పెద్దక్షరాల్లో ఉంది. అడుగున చీమతలకాయంత అక్షరాలతో ‘మేడ్ ఇన్ ఇండియా’. ఏ ఊరో రాయలేదు. రాయవలసిన అవసరం కూడా ఎవరికీ కనబడలేదు. నా జబ్బు నయమైంది, వాడి పిల్లల ఫీజులు కట్టబడ్డాయి, దుకాణంవాడికి లాభం వచ్చింది. వాగు పక్క ఊరివాళ్ళకి మాత్రం ఏమీ రాలేదు.

అప్పుడు వాల్మీకి కథ గుర్తొచ్చింది. బోయవాడిగా ఉండి దారులు కొడుతున్నప్పుడు ఋషులు అడుగుతారు: నీ సంపాదన తింటున్న పెళ్ళాం బిడ్డలు నీ పాపంలో కూడా పాలు పంచుకుంటారేమో కనుక్కుని రా, అని. పోయి అడిగితే, తిండి పెట్టడం నీ బాధ్యత, పాపం నీదే అన్నారు వాళ్ళు. చిన్నప్పటినుంచి ఈ కథలో నన్ను నేను ఎప్పుడూ ఆ బోయవాడి స్థానంలో పెట్టుకునే విన్నాను. ఆ ఫోను పెట్టేశాక మొదటిసారి నాకు తోచింది, నేను ఆ ఇంట్లో కూర్చుని అన్నం తింటున్న మనిషినని.

ఇది నా ఒక్కదాని మాట కాదు. మనలో చాలామందికి ఇక్కడ చౌకమందూ అందుతుంది, అక్కడ ఆ కంపెనీల్లో పనిచేసే చుట్టాలూ ఉంటారు. రెండువైపులా మనమే. తప్పు కంపెనీలదని ఇక్కడ కూర్చుని తేల్చెయ్యడం తేలిక. కంపెనీల బాధ్యత నా బాధ్యతకన్నా ఎన్నో రెట్లు పెద్దదే. అయితే పెద్ద బాకీదారు ఉన్నాడని చిన్న బాకీదారు బాకీ రద్దయిపోదు.

ఇక్కడ నాకో దారి కనిపించింది. ‘పాపం’ అన్న మాటే ఈ విషయానికి సరిపోదేమో. పాపం అనగానే ఎవరు చేశారని వెతుకుతాం. దొరికినవాణ్ణి తిడతాం. దొరకకపోతే అందరం ఊపిరి పీల్చుకుంటాం. మా అమ్మాయి మీద నేను చేసింది ఆ వెతుకులాటే. దీన్ని అప్పుగా చూస్తే ప్రశ్నలు మారతాయి. అప్పుకి దుర్మార్గుడు అక్కర్లేదు. మంచిపని కోసం చేసినా అప్పు అప్పే. ఎవరెంత వాడుకున్నారు, ఎవరెంత తీర్చాలి అన్నదే లెక్క. మనవాళ్ళు ఋణాలతోనే పుడతామన్నారు, దేవతలకి, ఋషులకి, పితరులకి. అందులో కింద ఊరివాళ్ళని కూడా చేర్చుకుంటే సరిపోతుంది.

ఈ లెక్క తేల్చిన దేశాలు లేకపోలేదు. స్విట్జర్లాండులో 2016 నుంచి ఒక చట్టం నడుస్తోంది. వందకి పైగా శుద్ధి కేంద్రాలలో ఓజోను, బొగ్గుపొడి లాంటివి వాడి ఈ సూక్ష్మమైన మందుల్ని తీసెయ్యడానికి, మనిషికి ఏడాదికి 9 ఫ్రాంకుల దాకా వసూలు చేస్తారు. ఎవరు ఏ మాత్ర మింగారని అడగరు. మురుగుగొట్టం ఉన్న ప్రతివాళ్ళూ కట్టాలి. 2024లో యూరపు సమాఖ్య ఆమోదించిన చట్టంలో, ఇలాంటి అదనపు శుద్ధికి అయ్యే ఖర్చులో కనీసం 80 శాతం మందుల, సౌందర్యసాధనాల తయారీదార్లే భరించాలని రాశారు. మన దేశంలో 2020 జనవరిలో కేంద్రం ఫ్యాక్టరీలు వదిలే నీటిలో యాంటీబయాటిక్‌లకి హద్దులు పెడుతూ ఒక ముసాయిదా తెచ్చింది. 2021లో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ హద్దులు అందులో లేవు.

ఇదంతా మా అమ్మాయికి చెబితే, తప్పు ఒప్పుకున్నానని మెచ్చుకుంటుందనుకున్నాను. అది నవ్వి, “మరి పోయిన ఏడు కౌంటీవాళ్ళు మురుగునీటి బిల్లు పెంచుతామంటే వద్దని మీ కాలనీవాళ్ళందరూ కాగితం రాశారు కదా, నువ్వూ సంతకం పెట్టలేదూ?” అంది.

పెట్టాను. నిజమే. పక్కింటాయన కాగితం పట్టుకొచ్చి, నెలకి ఆరు డాలర్లు పెంచుతున్నారట, అన్యాయం అంటే, గుమ్మంలోనే నిలబడి, కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా సంతకం పెట్టేశాను. ఆ డబ్బు ఎందుకని అడగలేదు. చేపల కోసం దిగులుపడ్డ నేను, దారికొట్టేవాడి ఇంట్లో నన్ను నేను గుర్తుపట్టిన నేను, ఈ సంతకం సంగతి ఎలా మరిచిపోయానో తెలియదు. ఉపన్యాసం నానోగ్రాముల మీద ఇచ్చి, ఆరు డాలర్ల దగ్గర దొరికిపోయాను.

ఈ ఏడు ఆ పెంపు మీద మళ్ళీ సభ పెట్టారు. వెళ్ళాను. మూడు నిమిషాలు మాట్లాడనిస్తారు. నా యాసకి కొంతమంది మొహాలు చిట్లించుకున్నారు కానీ, పోయినసారి వద్దని సంతకం పెట్టానని, ఇప్పుడు పెంచమని అడగడానికి వచ్చానని చెప్పాను. మా ఇంటి గొట్టాల్లోంచి పోయేదాంట్లో నా మందులు కూడా ఉన్నాయని చెప్పడానికి సిగ్గేసింది కానీ, అదీ చెప్పాను. మా పక్కింటాయన ఆ తరవాత వారంరోజులు నాతో మాట్లాడలేదు. పెంపు ఇంకా తేలలేదు.

మాత్ర మానలేదు. డాక్టరుని అడిగి సగానికి తగ్గించుకున్నాను, నిద్ర పడుతోంది. మిగిలిపోయిన మందుల్ని ఇదివరకు బాత్రూములో పారబోసేదాన్ని, ఇప్పుడు ఫార్మసీవాళ్ళు పెట్టిన పెట్టెలో వేస్తున్నాను. వీటివల్ల పొటోమాక్ చేపలకి ఒరిగేదేమీ లేదని తెలుసు. పటాన్‌చెరు వాగుకి అసలే లేదు. దానికి మా మేనల్లుడు అడిగిన ప్రశ్నకి జవాబు కావాలి. నాలుగు డాలర్ల సీసాకి ఐదు డాలర్లు ఇస్తాం, ఆ డాలరు వాగుకి చేరేలా చూడండి అని అడిగేవాళ్ళు కావాలి. ఆ అడగవలసినవాళ్ళు అక్కడెంతమంది ఉన్నారో ఇక్కడా అంతమంది ఉన్నారు.

మా ప్రాంతంలో ఒకవైపు, 1978 నుంచి, శుద్ధిచేసిన మురుగునీటిని తాగునీటి చెరువుకి పోయే వాగులోకే వదులుతున్నారు. ఆక్కక్వాన్ అని ఆ చెరువు పేరు. ఈ సంగతి తెలిసిన రోజు మొదట కడుపులో తిప్పింది. తరవాత మామ్మ గుర్తొచ్చింది. పై ఊరు, కింద ఊరు అని ఆవిడ లెక్క. ఇక్కడ రెండూ ఒకటే ఊరు. మన కాలవ మన ఇంటి కుళాయిలోకే తిరిగి వస్తోంది. ఆ నీళ్ళని అంత శ్రద్ధగా శుభ్రం చేస్తున్నారంటే అందుకేనేమో. ఎవరి నీళ్ళు వాళ్ళే తాగవలసి వస్తే జాగ్రత్త దానంతట అదే వస్తుంది. కింద ఊరు కంటికి కనబడనప్పుడు కూడా ఆ జాగ్రత్త పడగలమా అన్నదే మామ్మ అడిగిన ప్రశ్న. ఆవిడ దానికి ‘కళ్ళు పోతాయి’ అని పేరు పెట్టింది.